కన్‌స్ట్రక్టర్ అంటే ఏంటి? ఆబ్జెక్ట్ పుట్టేటప్పుడు లోపల ఏం జరుగుతుంది.. ఇంటర్వ్యూల్లో తడబడేది ఇక్కడే!

జావా, పైథాన్, సీ ప్లస్ ప్లస్.. ఏ భాషతో కోడింగ్ మొదలుపెట్టినా కొద్ది రోజుల్లోనే ఎదురయ్యే మాట కన్‌స్ట్రక్టర్. 'క్లాస్ పేరే దీని పేరు, రిటర్న్ టైప్ ఉండదు' అని నోట్స్‌లో రెండు లైన్లు రాసుకుని చాలామంది ముందుకు వెళ్లిపోతారు. ఫ్రెషర్స్ ఇంటర్వ్యూలో మాత్రం ప్రశ్న అక్కడితో ఆగదు. కన్‌స్ట్రక్టర్ రాయకపోయినా ప్రోగ్రామ్ ఎలా నడుస్తోంది? పేరెంట్ క్లాస్‌ది ముందు నడుస్తుందా, చైల్డ్ క్లాస్‌దా? పైథాన్‌లో రెండు రాస్తే ఏమవుతుంది? వీటికి బట్టీ పట్టిన నిర్వచనం పనికిరాదు. ఆబ్జెక్ట్ తయారయ్యే వరుస తెలిస్తే మాత్రం జవాబులన్నీ వాటంతట అవే వస్తాయి. ఆ వరుస ఏంటో చూద్దాం..

టికెట్ కొట్టే కండక్టర్.. ఆబ్జెక్ట్ తయారుచేసే కన్‌స్ట్రక్టర్

ఆర్టీసీ బస్సులో టికెట్ ఎలా ఇస్తారో గుర్తు తెచ్చుకోండి. ఎక్కడ ఎక్కారు, ఎక్కడ దిగుతారు అని కండక్టర్ అడుగుతారు. టిమ్ మిషన్‌లో ఆ వివరాలు కొడతారు. ఛార్జీ తేలిన తర్వాతే కాగితం బయటకు వస్తుంది. అంతేగానీ ఖాళీ కాగితం చేతిలో పెట్టి 'వివరాలు మీరే తర్వాత రాసుకోండి' అని ఎవరూ అనరు. మిషన్ నుంచి బయటపడిన ప్రతి టికెట్టూ పూర్తి టికెట్టే.

ప్రోగ్రామ్‌లో ఆ హామీ ఇచ్చేదే కన్‌స్ట్రక్టర్. టికెట్ నమూనా క్లాస్ అనుకుంటే, అందులో ఎక్కే స్టాప్, దిగే స్టాప్, ఛార్జీ అనే మూడు ఫీల్డ్స్ ఉంటాయి. ఆ నమూనా ప్రకారం తయారైన ఒక్కో టికెట్టూ ఒక్కో ఆబ్జెక్ట్. ఆబ్జెక్ట్ మిగతా ప్రోగ్రామ్ చేతికి అందేలోపు ఈ మూడు గడులూ సరైన విలువలతో నిండాలి. ఆ నింపే పనినే ఇనిషియలైజేషన్ అంటారు. అన్నట్టు ఇది అర్థం కావడానికి తీసుకున్న ఉదాహరణ మాత్రమే, ఆర్టీసీ మిషన్లలో నడిచే అసలు సాఫ్ట్‌వేర్ గురించి కాదు.

నింపకపోతే ఏమవుతుంది? సున్నాతోనే అసలు చిక్కు

జావాలో ఆబ్జెక్ట్ కోసం మెమరీ కేటాయించగానే అన్ని ఫీల్డ్స్‌కీ డిఫాల్ట్ విలువలు వచ్చేస్తాయి. అంకెలకు 0, బూలియన్‌కు ఫాల్స్, స్ట్రింగ్ లాంటి రిఫరెన్స్‌లకు నల్. అంటే మనం ఏమీ ఇవ్వకుండా టికెట్ తయారుచేస్తే స్టాప్ పేర్లు నల్‌గా, ఛార్జీ 0గా ఉంటాయి.

నల్‌తో పెద్ద భయం లేదు. ఆ స్టాప్ పేరు మీద ఏ మెథడ్ పిలిచినా నల్ పాయింటర్ ఎక్సెప్షన్ వచ్చి ప్రోగ్రామ్ కేక పెడుతుంది. ఎక్కడో తప్పు జరిగిందని తెలిసిపోతుంది. సున్నా అలా కాదు.. నోరు మెదపదు. తెలంగాణలో 2023 డిసెంబర్ 9 నుంచి మహాలక్ష్మి పథకం, ఏపీలో 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీ శక్తి పథకం కింద మహిళలకు ఉచిత ప్రయాణం అమల్లో ఉంది. వాళ్లకు ఇచ్చేది జీరో టికెట్. అంటే 0 అనేది ఇక్కడ నిజమైన విలువే! ఇప్పుడు ఛార్జీ ఫీల్డ్‌లో 0 కనిపిస్తే అది ఉచిత టికెట్టా.. లేక ప్రోగ్రామర్ ఛార్జీ నింపడం మర్చిపోయిన టికెట్టా? ఆబ్జెక్ట్‌ను చూసి ఎవరూ చెప్పలేరు. ఉచిత ప్రయాణాల ఖర్చును ప్రభుత్వం ఆర్టీసీకి తిరిగి ఇవ్వాలి కాబట్టి ఈ రెండు సున్నాలూ ఒకటి కావు. ఇలాంటి తప్పు జరిగిన చోట బయటపడదు. డబ్బు లెక్క కుదరనప్పుడు, అదీ ఎన్నో టికెట్లు కొట్టేశాక బయటపడుతుంది.

సీ ప్లస్ ప్లస్‌లో పరిస్థితి ఇంకా ఘోరం. ఫంక్షన్ లోపల మామూలుగా డిక్లేర్ చేసిన ఆబ్జెక్ట్‌లో ఇంటీజర్ ఫీల్డ్‌కు మనం విలువ ఇవ్వకపోతే సున్నా కూడా గ్యారంటీ కాదు. ఆ మెమరీలో అంతకుముందు ఏ చెత్త ఉంటే అదే ఛార్జీగా కనిపించొచ్చు. ఒకసారి 35, మరోసారి కోట్లలో!

అందుకే కన్‌స్ట్రక్టర్‌ను 'విలువలు ఇచ్చే సౌకర్యం'గా చూడటం సరిపోదు. విలువలు లేకుండా ఆబ్జెక్ట్ పుట్టకుండా అడ్డుకునే గేటు అది. ఎక్కే స్టాప్, దిగే స్టాప్, ఛార్జీ మూడూ అడిగే కన్‌స్ట్రక్టర్ ఒక్కటే పెడితే, ఏ ఒక్కటి మర్చిపోయినా జావా కంపైలరే ఒప్పుకోదు.

రాయకపోయినా ఎలా నడుస్తోంది?

'నేను కన్‌స్ట్రక్టర్ రాయలేదు, అయినా ఆబ్జెక్ట్ వచ్చింది కదా' అనేది కొత్తవాళ్ల మొదటి సందేహం. క్లాస్‌లో ఒక్క కన్‌స్ట్రక్టర్ కూడా లేకపోతే జావా కంపైలర్ తనే ఒకటి పెడుతుంది. దానికి పారామీటర్లు ఉండవు, పేరెంట్ కన్‌స్ట్రక్టర్‌ను పిలవడం తప్ప సొంతంగా చేసే పనీ ఉండదు. దీన్నే డిఫాల్ట్ కన్‌స్ట్రక్టర్ అంటారు.

మనం ఒక్కటి రాశామా.. కంపైలర్ తన దాన్ని ఇవ్వడం మానేస్తుంది. అందుకే ఉన్న క్లాస్‌కు మూడు పారామీటర్ల కన్‌స్ట్రక్టర్ చేర్చగానే, అంతకుముందు ఖాళీ బ్రాకెట్లతో ఆబ్జెక్టులు తయారుచేసిన చోటల్లా ఎర్రర్లు వస్తాయి. ఆ క్లాస్‌ను ఎక్స్‌టెండ్ చేసిన చైల్డ్ క్లాసులూ ఆగిపోతాయి. ఎందుకంటే అవి చెప్పకుండానే పిలుస్తున్న పారామీటర్లు లేని పేరెంట్ కన్‌స్ట్రక్టర్ ఇప్పుడు లేదు. 'నేను ఆ ఫైల్ ముట్టుకోలేదు, అందులో ఎర్రర్ ఏంటి?' అని తల పట్టుకునేది ఇక్కడే.

ఇక్కడే మరో రెండు ఉచ్చులున్నాయి. కన్‌స్ట్రక్టర్ ముందు పొరపాటున వాయిడ్ అని రాస్తే జావా ఎర్రర్ చూపించదు. అది క్లాస్ పేరే పెట్టుకున్న మామూలు మెథడ్ అయిపోతుంది. కంపైలర్ తన డిఫాల్ట్ కన్‌స్ట్రక్టర్ పెట్టేస్తుంది, మనం రాసింది ఎవరూ పిలవరు. రెండోది.. పారామీటర్‌కూ ఫీల్డ్‌కూ ఛార్జీ అనే ఒకే పేరు పెట్టి 'ఛార్జీ ఈక్వల్ టు ఛార్జీ' అని రాయడం. ఎడమ పక్కన 'దిస్' అని లేకపోతే పారామీటర్ విలువ పారామీటర్‌లోకే వెళ్తుంది. ఫీల్డ్ మాత్రం సున్నాగానే మిగులుతుంది. మళ్లీ అదే సున్నా! చూడకుండా వదిలేయకుండా ఎడిటర్ ఇచ్చే పసుపు గీతల హెచ్చరికలు చదివితే ఇది వెంటనే దొరుకుతుంది.

'న్యూ' అనగానే ఏం జరుగుతుంది?

ఇంటర్వ్యూలో అసలు పరీక్ష ఇదే. టికెట్ క్లాస్‌కు రిజర్వేషన్ టికెట్ అనే చైల్డ్ క్లాస్ ఉందనుకుందాం. అందులో అదనంగా రిజర్వేషన్ ఫీజు అనే ఫీల్డ్ ఉంది. డిక్లేర్ చేసినచోటే దానికి 20 అని విలువ ఇచ్చాం.

జావాలో న్యూ అనగానే ముందుగా మొత్తం ఆబ్జెక్ట్‌కు, అంటే పేరెంట్ ఫీల్డ్స్‌తో కలిపి, ఒకేసారి మెమరీ కేటాయిస్తారు. అన్నింటిలో డిఫాల్ట్ విలువలు పడతాయి. తర్వాత చైల్డ్ కన్‌స్ట్రక్టర్ మొదలవుతుంది. కానీ తన పని మొదలుపెట్టేలోపే సూపర్ ద్వారా పేరెంట్ దగ్గరికి వెళ్తుంది. పేరెంట్ తన పేరెంట్ దగ్గరికి.. అలా అన్నింటికీ మూలమైన ఆబ్జెక్ట్ అనే క్లాస్ దాకా వెళ్లి, అక్కడి నుంచి ఒక్కో మెట్టూ దిగుతూ వస్తుంది. ప్రతి మెట్టులో ముందు ఆ క్లాస్‌లో డిక్లరేషన్ దగ్గర రాసిన విలువలు, ఇనిషియలైజర్ బ్లాకులు రాసిన వరుసలోనే నడుస్తాయి. ఆ తర్వాతే కన్‌స్ట్రక్టర్ బాడీ. ఇల్లు కట్టేటప్పుడు పునాది లేచాకే గోడలు లేచినట్టు, పేరెంట్ భాగం పూర్తయ్యాకే చైల్డ్ భాగం.

ఇప్పుడు తిరకాసు చూడండి. పేరెంట్ కన్‌స్ట్రక్టర్ ఛార్జీ కోసం 'లెక్కించు' అనే మెథడ్‌ను పిలుస్తోంది. చైల్డ్ క్లాస్ ఆ మెథడ్‌ను ఓవర్‌రైడ్ చేసి, మూల ఛార్జీకి రిజర్వేషన్ ఫీజు కలిపేలా రాసింది. మూల ఛార్జీ 300 అయితే టికెట్ మీద 320 రావాలి. వచ్చేది 300. కారణం.. పేరెంట్ కన్‌స్ట్రక్టర్ నడుస్తున్నప్పుడు జావా చైల్డ్ మెథడ్‌నే పిలుస్తుంది, కానీ చైల్డ్ ఫీల్డ్‌లోకి 20 ఇంకా చేరలేదు. అప్పటికి అందులో ఉన్నది డిఫాల్ట్ సున్నా. కన్‌స్ట్రక్టర్ పని మొత్తం ముగిశాక డీబగ్గర్‌లో చూస్తే ఫీజు 20 అనే కనిపిస్తుంది! అందుకే ఈ బగ్ పట్టుకోవడానికి గంటలు పడుతుంది.

ఇదే కోడ్ సీ ప్లస్ ప్లస్‌లో రాస్తే అసలు చైల్డ్ మెథడ్ దాకా వెళ్లదు. పేరెంట్ కన్‌స్ట్రక్టర్ నడుస్తున్నంతసేపూ ఆ ఆబ్జెక్ట్‌ను పేరెంట్ రకంగానే లెక్కిస్తుంది, పేరెంట్ మెథడ్‌నే పిలుస్తుంది. సీ షార్ప్‌లో మరో రకం. అక్కడ చైల్డ్ ఫీల్డ్స్ దగ్గర రాసిన విలువలు పేరెంట్ కన్‌స్ట్రక్టర్ కంటే ముందే పడతాయి. కాబట్టి 320 సరిగ్గానే వస్తుంది. ఒకే ప్రోగ్రామ్‌కు భాషను బట్టి జవాబు మారుతోందంటే, ఓవర్‌రైడ్ చేయగల మెథడ్స్‌ను కన్‌స్ట్రక్టర్ నుంచి పిలవకపోవడమే మేలు.

పాత నోట్స్‌తో చదివేవాళ్లు మరో విషయం గమనించాలి. 'జావా కన్‌స్ట్రక్టర్‌లో సూపర్ లేదా దిస్ పిలుపు మొదటి స్టేట్‌మెంట్‌గానే ఉండాలి' అన్న నియమం ఇప్పుడు మారింది. 2025 సెప్టెంబర్‌లో వచ్చిన జావా 25 నుంచి ఆ పిలుపు కంటే ముందు కూడా కోడ్ రాయొచ్చు. వచ్చిన విలువలు సరైనవో కాదో పరీక్షించొచ్చు. డిక్లరేషన్ దగ్గర విలువ ఇవ్వని సొంత ఫీల్డ్స్‌ను నింపొచ్చు కూడా. అంటే పైన చెప్పిన 20 రూపాయల బగ్‌కు ఇప్పుడు ఒక దారి దొరికింది. ఫీజును డిక్లరేషన్ దగ్గర కాకుండా కన్‌స్ట్రక్టర్‌లో, సూపర్‌కు ముందే నింపేస్తే 320 వస్తుంది. అయితే చాలా కంపెనీల్లో ఇంకా పాత వెర్షన్లే నడుస్తున్నాయి. ఇంటర్వ్యూలో రెండూ చెప్పగలిగితే మంచిది.

సీ ప్లస్ ప్లస్: రాసిన వరుస వేరు, నడిచే వరుస వేరు

సీ ప్లస్ ప్లస్‌లో కన్‌స్ట్రక్టర్ బాడీలోకి అడుగుపెట్టేసరికే ఫీల్డ్స్ అన్నీ తయారై ఉంటాయి. బాడీలో ఇచ్చేది కొత్తగా అసైన్ చేసే విలువే. అందుకే కోలన్ తర్వాత రాసే ఇనిషియలైజర్ లిస్ట్ అవసరం. కాన్స్ట్ ఫీల్డ్స్, రిఫరెన్స్ ఫీల్డ్స్‌కు బాడీలో విలువ ఇవ్వడం కుదరదు.

ఈ లిస్ట్‌లో మనం ఏ వరుసలో రాసినా, ఫీల్డ్స్ నిండేది మాత్రం క్లాస్‌లో డిక్లేర్ చేసిన వరుసలోనే. ఛార్జీ పైన, దూరం కింద డిక్లేర్ చేసి.. లిస్ట్‌లో ముందు దూరం నింపి, దానితో ఛార్జీ లెక్కిస్తున్నాం అనుకుంటే తప్పులో కాలేసినట్టే. ముందు నడిచేది ఛార్జీ లెక్క, అప్పటికి దూరంలో ఉండేది చెత్త. కంపైలర్ హెచ్చరికలు ఆన్ చేసి ఉంటే దీన్ని చూపిస్తాయి.

పైథాన్‌లో కథే వేరు

పైథాన్‌లో అందరూ కన్‌స్ట్రక్టర్ అని పిలిచేది అటూ ఇటూ రెండేసి అండర్‌స్కోర్లు ఉండే ఇనిట్ మెథడ్‌ను. నిజానికి ఆబ్జెక్ట్‌ను పుట్టించేది అది కాదు, అలాగే అండర్‌స్కోర్లు ఉండే న్యూ మెథడ్. ఇనిట్ చేతికి సెల్ఫ్ అనే పేరుతో వచ్చేసరికే ఆబ్జెక్ట్ పుట్టి ఉంటుంది. దానికి విలువలు నింపడమే ఇనిట్ పని.

డిఫాల్ట్ సున్నాలు ఇక్కడ ఉండవు. ఛార్జీ నింపడం మర్చిపోతే ఆ ఫీల్డే ఉండదు, చదవబోతే అట్రిబ్యూట్ ఎర్రర్ వస్తుంది. ఈ ఒక్క విషయంలో పైథాన్ జావా కంటే నయమనిపిస్తుంది. ఇక ఓవర్‌లోడింగ్ అలవాటుతో జావా నుంచి వచ్చినవాళ్లు ఒకే క్లాస్‌లో రెండు ఇనిట్‌లు రాస్తారు. ఎర్రర్ రాదు. కింద రాసింది పైదాన్ని తుడిచేస్తుంది, అంతే. చైల్డ్ క్లాస్ సొంతంగా ఇనిట్ రాసుకుంటే పేరెంట్ ఇనిట్ దానంతట అది నడవదు, సూపర్‌తో మనమే పిలవాలి. జావాస్క్రిప్ట్ ఈ విషయంలో ఇంకాస్త కచ్చితం. చైల్డ్ కన్‌స్ట్రక్టర్‌లో సూపర్ పిలవకుండా దిస్ ముట్టుకుంటే రిఫరెన్స్ ఎర్రర్ ఇస్తుంది.

పైథాన్‌లో ఎక్కువమంది పడే గుంత మరొకటుంది. ఒక టికెట్ మీద కుటుంబం మొత్తం ప్రయాణిస్తోందని ప్రయాణికుల జాబితా పెట్టారు. ఇనిట్ పారామీటర్ దగ్గరే దానికి ఖాళీ లిస్ట్‌ను డిఫాల్ట్‌గా ఇచ్చారు. మొదటి టికెట్‌లో ఇద్దరిని చేర్చారు. రెండో టికెట్ తీస్తే.. పుట్టగానే అందులో ఆ ఇద్దరూ ఉన్నారు! డిఫాల్ట్ విలువ ఫంక్షన్‌ను నిర్వచించినప్పుడు ఒక్కసారే తయారవుతుంది, ఆబ్జెక్ట్ పుట్టిన ప్రతిసారీ కాదు. కాబట్టి అన్ని టికెట్లూ ఒకే లిస్ట్‌ను పంచుకుంటున్నాయి. డిఫాల్ట్‌గా నన్ ఇచ్చి, ఇనిట్ లోపల కొత్త లిస్ట్ తయారుచేయడమే దీనికి మందు.

తప్పు విలువ వస్తే?

ఎక్కే స్టాప్, దిగే స్టాప్ రెండూ ఒకటే అయితే? ఛార్జీ మైనస్ 10 అయితే? కన్‌స్ట్రక్టర్‌లోనే పట్టుకుని ఎక్సెప్షన్ ఇవ్వాలి. అప్పుడు 'న్యూ' ఫలితం వేరియబుల్‌లోకి చేరదు, చెడ్డ టికెట్ బయటకు రాదు. సీ ప్లస్ ప్లస్‌లో మాత్రం ఒక జాగ్రత్త. కన్‌స్ట్రక్టర్ మధ్యలో ఎక్సెప్షన్ వస్తే ఆ ఆబ్జెక్ట్ డిస్ట్రక్టర్ నడవదు. సగం పుట్టినదాన్ని అది ఆబ్జెక్ట్‌గా లెక్కించదు. అప్పటికే పూర్తిగా తయారైన ఫీల్డ్స్ డిస్ట్రక్టర్లు మాత్రం నడుస్తాయి. కన్‌స్ట్రక్టర్‌లో నేరుగా తీసుకున్న మెమరీని విడిపించేవాళ్లు ఎవరూ ఉండరు. స్మార్ట్ పాయింటర్లు వాడమనేది ఇందుకే.

డేటాబేస్ కనెక్షన్లు, నెట్‌వర్క్ పిలుపులు, ఫైళ్లు చదవడం లాంటివి కన్‌స్ట్రక్టర్‌లో పెట్టడం చాలా ప్రాజెక్టుల్లో కనిపిస్తుంది. పనైతే నడుస్తుంది గానీ, టెస్ట్ రాయాలంటే చుక్కలు కనిపిస్తాయి. ఒక చిన్న ఆబ్జెక్ట్ కోసం సర్వర్ ఆన్‌లో ఉండాల్సి వస్తుంది.

జీరో టికెట్‌కు పేరు పెట్టండి

మొదట్లో వదిలేసిన రెండు సున్నాల సమస్యకు వద్దాం. మూడు పారామీటర్లూ అడిగినా, కోడ్‌లో ఎవరైనా మూడోదానికి 0 ఇస్తే చదివేవారికి అది ఉచిత టికెట్టో కాదో తెలీదు. కన్‌స్ట్రక్టర్లకు వేర్వేరు పేర్లు పెట్టే వీల్లేదు, పారామీటర్ల రకాలతోనే తేడా చూపించాలి.

దీనికి జావాలో వాడే పద్ధతి స్టాటిక్ ఫ్యాక్టరీ మెథడ్. కన్‌స్ట్రక్టర్‌ను ప్రైవేట్ చేసేస్తారు. బయటివాళ్లకు 'సాధారణ టికెట్', 'జీరో టికెట్' అనే రెండు స్టాటిక్ మెథడ్స్ ఇస్తారు. మొదటిది ఛార్జీ 0 కంటే ఎక్కువగా లేకపోతే ఒప్పుకోదు. రెండోది అసలు ఛార్జీ కూడా నమోదు చేసి, ప్రయాణికురాలి నుంచి వసూలు 0 అని, చెల్లించాల్సింది ప్రభుత్వం అని వేరే ఫీల్డ్స్‌లో నింపుతుంది. ఇప్పుడు పొరపాటు సున్నాకు చోటే లేదు. జోషువా బ్లాక్ రాసిన 'ఎఫెక్టివ్ జావా' పుస్తకంలో మొట్టమొదటి సూచన ఇదే. జావా 8లో వచ్చిన లోకల్‌డేట్ క్లాస్ కూడా ఇలాగే ఉంటుంది. న్యూ అని రాసి తేదీ తయారుచేయలేం, 'ఆఫ్' అనే మెథడ్‌ను పిలవాలి.

అసలు ఈ ఆలోచన ఎక్కడిది?

మూలం నార్వేలో ఉంది. ఓస్లోలోని నార్వేజియన్ కంప్యూటింగ్ సెంటర్‌లో ఓలే యోహాన్ డాల్, క్రిస్టెన్ న్యూగార్డ్ రూపొందించిన సిమ్యులా 67 భాషలో క్లాస్, ఆబ్జెక్ట్ అనే భావనలు వచ్చాయి. ఆబ్జెక్ట్ తయారవగానే క్లాస్ బాడీలో రాసిన స్టేట్‌మెంట్లే నడిచేవి. ప్రత్యేకంగా కన్‌స్ట్రక్టర్ అని వేరే ఉండేది కాదు. ఈ కృషికి ఇద్దరికీ 2001 ట్యూరింగ్ అవార్డు దక్కింది.

కేంబ్రిడ్జ్‌లో పీహెచ్‌డీ చేస్తూ సిమ్యులా వాడిన బ్యార్న్ స్ట్రౌస్ట్రప్, 1979లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో 'సీ విత్ క్లాసెస్' మొదలుపెట్టారు. అందులో కన్‌స్ట్రక్టర్ పని చేసే ఫంక్షన్ పేరు 'న్యూ'. అది సీ ప్లస్ ప్లస్‌గా మారాక కన్‌స్ట్రక్టర్‌కు క్లాస్ పేరే పెట్టే పద్ధతి వచ్చింది. 1995లో విడుదలైన జావా దాన్నే తీసుకుంది. మన నోట్స్‌లోని మొదటి లైన్ అలా వచ్చిందే.

తర్వాత వచ్చిన అన్ని భాషలూ ఈ దారిలో నడవలేదు. గో భాషలో కన్‌స్ట్రక్టర్లు లేవు. స్ట్రక్ట్‌లో మనం నింపని ఫీల్డ్ సున్నా విలువతో ఉంటుంది. ఫీల్డ్స్ సరిగ్గా నింపి ఇవ్వడానికి 'న్యూ' అనే మాటతో మొదలయ్యే మామూలు ఫంక్షన్ రాయడం అక్కడి ఆనవాయితీ, నియమం కాదు. రస్ట్‌లోనూ కన్‌స్ట్రక్టర్ అనే ప్రత్యేక నిర్మాణం లేదు. అయితే అక్కడ స్ట్రక్ట్ తయారుచేసేటప్పుడు ప్రతి ఫీల్డ్‌కూ విలువ చెప్పాలి. లేదంటే మిగతావి ఫలానా చోటి నుంచి తీసుకోమని స్పష్టంగా రాయాలి. ఒక్క ఫీల్డ్ వదిలేసినా ప్రోగ్రామ్ కంపైల్ కాదు.